బాస్ చేప నోరు తెరవని రోజు ఏ ఎర మేలు?

ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకే బాధ. "అన్నా, గురువారం సాయంత్రం గంటలో నాలుగు బాస్ చేపలు పడ్డాయి. శనివారం అదే చోటు, అదే ఎర, తెల్లారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా ఒక్కటీ ముట్టుకోలేదు. ఏం వెయ్యమంటావు?" శుక్రవారం ఏమైందో అడగక్కర్లేదు. ఇక్కడ డాలస్ చుట్టుపక్కల ఉన్నవాళ్లందరికీ తెలుసు. కోల్డ్ ఫ్రంట్ వచ్చి ఉంటుంది, అంటే ఉత్తరం నుంచి గాలి వీచి ఒక్క రాత్రిలో చలి దిగి ఉంటుంది, మర్నాడు మబ్బు తునక లేకుండా ఆకాశం మెరిసిపోతుంటుంది. మనకు హాయిగా ఉండే ఆ ఎండే లార్జ్‌మౌత్ బాస్‌కి పడదు.

ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకసారి రాసి పెడదామనిపించింది. అందరూ అడిగేది మూడింటి గురించే: వాకీ రిగ్, డ్రాప్ షాట్, నెడ్ రిగ్. మెత్తటి ప్లాస్టిక్ ఎరని గాలానికి అమర్చే మూడు తీర్లివి (అదే రిగ్ అంటే). ఎలా కట్టాలో మీకు తెలుసు కాబట్టి అందులోకి వెళ్లను.

ముందు బారోమీటర్ సంగతి. గాలి ఒత్తిడి పెరిగి చేపని నొక్కేస్తుందని చాలామంది చెబుతారు. నాకు అది నమ్మబుద్ధి కాదు. బారోమీటర్‌లో పాదరసం ఒక అంగుళం పెరిగిందంటే, అది నీళ్లలో సుమారు 13.6 అంగుళాలు కిందికి దిగినంత తేడా. అంటే అడుగు పైచిలుకు. చేప రోజంతా అంతకన్నా ఎక్కువే పైకీ కిందికీ తిరుగుతుంది. నా లెక్కలో అసలు కారణాలు రెండు. ఒకటి చలి. బాస్ ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది, నీళ్లు చల్లబడితే అరుగుదల మందగిస్తుంది, ఆకలి తగ్గుతుంది. రెండోది ఎండ. వెలుతురు నిట్టనిలువునా దిగేసరికి దుంగ మొదట్లోకో, డాక్ (పడవలు కట్టే చెక్క వేదిక) కిందికో, రాళ్ల సందులోకో చేరి నక్కుతుంది. చేప చెరువు వదిలి ఎక్కడికీ పోలేదు. నిన్న పది అడుగులు వెంటపడి కొట్టింది, ఇవాళ మూతి ముందు అడుగు దూరంలో ఉన్నదాని కోసం కూడా కదలాలా వద్దా అన్నట్టు చూస్తుంది.

ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా తప్పు చేస్తారు. ఊళ్లో కప్పను గాలానికి గుచ్చి, తామరాకుల మీదుగా ఆడిస్తూ కొరమీనుని రెచ్చగొట్టి పట్టిన చేతులు ఇవి, ఊరికే ఉండలేవు. చేప పడకపోతే ఇంకా ఆడిస్తాం, ఇంకా వేగంగా చుడతాం, ఐదు నిమిషాలకోసారి ఎర మారుస్తాం. ముడుచుకున్న బాస్ దగ్గర ఇవేవీ పనిచెయ్యవు. అందుకే ఏ రిగ్‌నైనా నేను ఒకే ప్రశ్నతో తూస్తాను: మనం ఏమీ చెయ్యకుండా వదిలేసినప్పుడు ఆ ఎర నీళ్లలో ఏం చేస్తోంది?

దీనికి జవాబు చెరువు దగ్గర కనిపించదు. మా దగ్గరి లూయిస్‌విల్ చెరువు నీళ్లు మసకగా ఉంటాయి, రెండడుగుల కింద ఏముందో తెలియదు. పోయిన చలికాలం ఇంట్లో బాత్‌టబ్ నిండా నీళ్లు పట్టి, మోకాళ్ల మీద కూర్చుని మూడూ వేసి చూశాను.

ముందు వాకీ. ఐదంగుళాల సెంకోని (పురుగులా ఉండే మెత్తటి ఎర) నడుము దగ్గర గుచ్చి వదిలితే రెండు కొసలూ వణుకుతూ, అడ్డంగా, మెల్లగా దిగింది. ఎంత బాగుందంటే మా అమ్మాయి కూడా వచ్చి చూసింది. కానీ అడుగున తగలగానే కథ అయిపోయింది. పుల్లలా పడుకుంది. నిమిషం తర్వాత చూసినా పుల్లే.

డ్రాప్ షాట్‌లో లైన్ కొసన కట్టిన గుండు కింద కూర్చుంది, లైన్ బిగువుగా పట్టుకున్నంతసేపూ చిన్న పురుగు ఎర గుండుకి పైన గాల్లో నిలబడ్డట్టు తేలింది. లైన్ వదులు చేస్తే మెల్లగా వాలిపోయింది.

నెడ్‌లో గాలానికి ఉన్న పుట్టగొడుగు ఆకారపు బరువు తల 'టక్' మని కింద తగిలింది, రెండున్నర మూడంగుళాల ఎర తోక పైకి లేచి నిటారుగా నిలబడింది. ఆ ఎరని చేసిన సాగే ప్లాస్టిక్‌కి తేలే గుణం ఉంది, అదే దీని రహస్యమంతా. నేను కర్ర కింద పెట్టేశాను, లైన్ వదులుగానే ఉంది. అయినా టబ్‌లో నా చెయ్యి కదిలించిన అలకే ఆ తోక ఇటూ అటూ ఊగుతూ ఉంది. అడుగున తలదించుకుని ఏదో ఏరుకు తింటున్న చిన్న పిల్ల చేపలా.

నేను నెడ్ వైపు మొగ్గింది ఆరోజే. అయినా మిగతా రెండింటికీ అన్యాయం చెయ్యకూడదు.

వాకీ రిగ్ పనిచేసేది దిగేటప్పుడే. కాబట్టి చేప అడుగున కాకుండా మధ్యలో, నీడలో వేలాడుతున్నప్పుడు దాన్ని మించింది లేదు. డాక్ చివర నీడ గీత దగ్గరికి మెత్తగా జార్చండి, లైన్ వదులుగా ఉంచి మనసులో లెక్కపెట్టండి. సెంకోలో ఉప్పు ఎక్కువ, బరువుంటుంది, గుండు లేకుండానే దూరం పోతుంది. మార్చిలో గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చి, ఫ్రంట్ దెబ్బకి మూడు నాలుగడుగుల లోతులో ఆగిపోయిన చేపలకి నేను ఇప్పటికీ ముందు అదే వేస్తాను. చిక్కల్లా గాలితో. ఉత్తరం గాలి లైన్‌ని విల్లులా వంచేస్తుంది, ఎర దిగాల్సిన చోట దిగక పక్కకి ఈడ్చుకుపోతుంది. ఫ్రంట్ వచ్చిన మొదటి రోజు గాలి లేకుండా ఎక్కడుంటుంది? గాలి తగ్గే రెండో రోజు దాకా నేను దాన్ని పెట్టెలోంచి తియ్యను.

డ్రాప్ షాట్ జపాన్‌లో పుట్టి ఇక్కడికి వచ్చింది. పడవ ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఇదే, మారుమాట లేదు. రే రాబర్ట్స్ చెరువులో మునిగిన చెట్ల పైకి వెళ్లి, ఇరవై అడుగుల లోతున సోనార్‌లో చేప కనిపిస్తుంటే, నిలువుగా దాని మూతి ముందుకి దించి ఎంతసేపు కావాలంటే అంతసేపు అక్కడే ఉంచొచ్చు. మనలో ఎక్కువమంది ఒడ్డు మీద నుంచి వేసేవాళ్లం కదా, ఇబ్బంది అక్కడ వస్తుంది. నలభై గజాలు విసిరితే లైన్ ఏటవాలుగా వస్తుంది. గుండుకి అడుగు పైన కట్టిన గాలం నిజానికి నేలకి బెత్తెడు ఎత్తున కూడా ఉండదు. తేలించాలని బిగించి లాగితే గుండు మన వైపుకి జరిగిపోతుంది. మీకు కయాక్ ఉంటే డ్రాప్ షాట్ సామాను కొనుక్కోండి, లేకపోతే ఆగండి.

ఇక నెడ్. కాన్సస్‌కి చెందిన నెడ్ కేడీ పేరు మీద వచ్చింది ఈ రిగ్. ఒడ్డు నుంచి వేసినా, గాలి ఉన్నా, లైన్ వదులైనా దాని పని అది చేసుకుపోతుంది. చేతిలో ఒక్క రాడ్ పట్టుకుని, నీటి వేడి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉన్న రోజున రాళ్ల కట్ట మీద నిలబడ్డ మనిషికి అంతకన్నా ఏం కావాలి? తల బరువులో మాత్రం పిసినారిగా ఉండాలి. గాలి లేకపోతే ఔన్సులో పదిహేనో వంతు, ఉంటే పదో వంతు. అంతకు మించి బరువు పెడితే దూరం పోతుంది కానీ రాళ్ల సందులో దిగబడుతుంది.

దిగబడటం దీని పెద్ద లోపం, దాచను. గాలం ముల్లు బయటికే ఉంటుంది. రాళ్ల కట్ట దగ్గర ఒక పూటలో నాలుగైదు తలలు పోగొట్టుకున్న రోజులున్నాయి. నాచు, హైడ్రిల్లా ఉన్న చోట అయితే అసలు వద్దు, తోక నిలబడినా నాచులో కనిపించదు. గాలం తీగ సన్నం కాబట్టి డ్రాగ్ (రీల్ బ్రేకు) బిగించి ఈడ్చకూడదు, ఓపిగ్గా తెచ్చుకోవాలి.

"అంత చిన్న ఎరకి పెద్ద చేప పడుతుందా?" అని అడుగుతారు. టెక్సాస్ రాష్ట్ర రికార్డు బాస్ 18.18 పౌండ్లు. 1992 జనవరిలో లేక్ ఫోర్క్‌లో బ్యారీ సెయింట్ క్లెయిర్ పట్టారు. ఆయన ఆరోజు బాస్ కోసం కూడా వెళ్లలేదు, క్రాపీ అనే చిన్న చేపల కోసం మిన్నో చేపపిల్లని గుచ్చి దించారు. నడి చలికాలంలో, కదలడానికి బద్ధకించే నీళ్లలో, అంత చేప అంత చిన్న ముద్దకే నోరు తెరిచింది.

వేసే తీరు ఒక్కటి చెబుతాను. పోయిన మార్చిలో, ఫ్రంట్ వచ్చిన రెండో పొద్దున, లూయిస్‌విల్ కట్ట మీద రెండు గంటలు ఖాళీగా నిలబడ్డాక జరిగింది. విసిరాను, లైన్ మెత్తబడింది, అంటే కింద తగిలింది. ఇరవై దాకా లెక్కపెట్టాను. కర్ర కొసని జానెడు ఎత్తి వదిలాను, మళ్లీ ఇరవై. మూడోసారి లెక్క పదమూడు దగ్గర ఉండగా నీటి మీద పసుపు బ్రెయిడ్ (అల్లిన లైన్) చిన్నగా, గాలికి ఎదురుగా జరిగింది. 'టక్' మన్న దెబ్బ లేదు, కర్ర ఊగలేదు. ఎత్తి చూస్తే తడి బట్ట తగులుకున్నంత బరువు. గట్టిగా గుంజలేదు, వదులు చుట్టేసి కర్రని పక్కకి వాల్చాను, అంతే. నాలుగు పౌండ్ల చేప. గాలం పై దవడ చర్మంలో, లోపలి అంచున ఉంది. నేను ఐదు సెకన్లు ముందు లాగి ఉంటే అది నాకు తెలియకుండానే ఉమ్మేసేది. అప్పటి నుంచి ఇలాంటి రోజుల్లో చేతికి తగిలే దెబ్బ కోసం ఎదురుచూడటం మానేశాను, లైన్‌నే చూస్తున్నాను. అందుకే పైన పసుపు బ్రెయిడ్, చివర గాలం కట్టే ముక్కగా ఎనిమిది పౌండ్ల బలమున్న ఫ్లోరోకార్బన్ లీడర్.

మిగతావి రెండు మాటల్లో. షేకీ హెడ్ అనే ఇంకో బరువు తల గాలం నెడ్‌కి పెద్దన్న లాంటిది, నాచు ఉన్న చోట ముల్లు దాచుకోవచ్చు కాబట్టి అక్కడ అదే వాడండి. జెర్క్‌బెయిట్‌ని (చేప ఆకారపు గట్టి ఎర) ఆపి ఆపి వేస్తే తేట నీళ్లలో మంచిదే, మన దగ్గరి మసక నీళ్లలో నాకు కలిసిరాలేదు. లిప్‌లెస్ క్రాంక్ అనే వేగంగా లాగే గట్టి ఎరతో ఉలిక్కిపడేలా చేసి కొట్టిస్తామనేవాళ్లున్నారు. పడవ మీద చెరువంతా తిరిగేవాళ్లకి ఎక్కడో ఒకచోట తగులుతుంది, ఒడ్డు మీద వంద గజాల్లో ఉండే మనకి కాదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు రే రాబర్ట్స్ స్టేట్ పార్క్‌కి వెళ్లండి. స్టేట్ పార్క్ లోపల ఒడ్డు మీద నుంచి వేస్తే ఫిషింగ్ లైసెన్స్ అక్కర్లేదు, గేటు దగ్గర ఎంట్రీ కడితే చాలు.

నెడ్ ఎరలు కొన్నాక మాత్రం వాటి కవర్లోనే ఉంచండి. ఆ సాగే ప్లాస్టిక్‌కీ, సెంకో లాంటి మామూలు ప్లాస్టిక్‌కీ పడదు. రెండూ ఒకే అరలో వేసి కారు డిక్కీలో పెడితే, శనివారం తెల్లారి పెట్టె తెరిచేసరికి కరిగి ఒకే ముద్దగా ఉంటాయి.