చిటికెన వేలికి చోటు: నాలుగేళ్ళుగా నడుముకు కట్టిన గ్లాక్ 43ఎక్స్

ఇక్కడ అమెరికాలో, టెక్సస్‌లో, బట్టల కింద కనపడకుండా పెట్టుకునే చిన్న పిస్టల్ కొనేవాళ్ళు ముందు గొట్టం పొడవు అడుగుతారు. నాలుగేళ్ళు, దాదాపు 4,000 తూటాలు అయ్యాక నేను అడిగేది ఒక్కటే: పట్టుకున్నప్పుడు చిటికెన వేలికి పిడి మీద చోటుందా? గ్లాక్ 43ఎక్స్ మీద నాకున్న ఇష్టమంతా ఆ చోటు మీదే. దీని మీద నాకు పుట్టిన విసుగు కూడా చివరికి ఆ పిడి లోపల దూర్చిన వస్తువు దగ్గరే తేలింది.

2015లో వచ్చిన గ్లాక్ 43 ఎత్తు 108 మిల్లీమీటర్లు, 2019లో వచ్చిన 43ఎక్స్ ఎత్తు 128. గొట్టం రెండింటికీ 3.41 అంగుళాలే. తేడా అంతా పిడి కింద పెరిగిన 20 మిల్లీమీటర్లలో ఉంది. పాత 43ని మామూలు మగవాడి చేతికిస్తే చిటికెన వేలు మ్యాగజైన్ (తూటాలు నింపి పిడిలో దూర్చే పెట్టె) అడుగున గాల్లో వేలాడుతుంది. అంత తేలిక పిస్టల్‌లో 9 ఎంఎం తూటా పేలితే గొట్టం మూతి పైకి లేస్తుంది, పిడి అడుగు భాగం ముందుకు తిరుగుతుంది. ఆ తిరుగుడును ఆపే వేలు అన్నిటికన్నా కిందిదే. అది లేకపోతే రెండు మూడు తూటాలకోసారి పట్టు జారి మళ్ళీ సర్దుకోవాలి. 7 గజాల దూరంలో ఐదు తూటాలు వరసగా కాల్చి చూడండి. మొదటి రెండూ పక్కపక్కన పడి, మిగతా మూడూ చెదిరిపోతే లోపం మీ గురిలో ఉండకపోవచ్చు, వేలికి చోటు లేకపోవడంలో ఉండొచ్చు.

ఇంకో సంగతి. గ్లాక్ 19 ఎత్తు కూడా 128 మిల్లీమీటర్లే. అంటే 43ఎక్స్ పిడి నిలువులో పెద్ద తుపాకీదే, మందం మాత్రం తక్కువ. 19 మొత్తం వెడల్పు 34 మిల్లీమీటర్లయితే దీనిది 28. ఆ ఆరు మిల్లీమీటర్లు బెల్టు లోపల పెట్టుకున్నవాడికి రోజంతా తెలుస్తాయి.

పోటీలో ఉన్నవాటిని పోల్చేటప్పుడు చాలామంది ఒక తప్పు చేస్తారు. 2018లో వచ్చిన సిగ్ పీ365, 2019 నాటి స్ప్రింగ్‌ఫీల్డ్ హెల్‌క్యాట్, 2021 నాటి స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ప్లస్ మూడూ మంచి తుపాకులు. అంత చిన్న పిడిలో పది తూటాలు పట్టించి ఈ రంగాన్నే మార్చేసింది పీ365. కానీ దుకాణంలో వాటి ఎత్తును పొట్టి మ్యాగజైన్‌తో చూసి, ఇంటికొచ్చాక వేలు ఆనడం లేదని పొడుగు మ్యాగజైన్ పెడతారు. అప్పుడు దాచాల్సిన ఎత్తు 43ఎక్స్ దరిదాపుల్లోకి వచ్చేస్తుంది. కాబట్టి రోజూ ఏ మ్యాగజైన్‌తో తిరుగుతారో దాన్ని పెట్టించే పోల్చండి. 9 ఎంఎం కన్నా చిన్నదైన .380 తూటా కాల్చే రూగర్ ఎల్‌సీపీ మ్యాక్స్ లాంటి జేబు పిస్టల్ వేరే జాతి. నిండు వేసవిలో నిక్కరు జేబులో ఇమిడిపోతుంది, నిజమే. కానీ 50 తూటాలు కాల్చేసరికి అరచెయ్యి మంట పుడుతుంది, ఆ తర్వాత సాధన మీదే విముఖత వస్తుంది. సాధన చెయ్యబుద్ధి కాని తుపాకీ నడుమున ఉన్నా ఉపయోగం తక్కువే.

ఇప్పుడు ఇబ్బంది పెట్టిన వస్తువు సంగతి. 43ఎక్స్ మ్యాగజైన్‌లో 10 తూటాలే పడతాయి. దాని ఉక్కు పెట్టె చుట్టూ మందపాటి ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. ఆ తొడుగు తీసేసి, పలుచని ఉక్కు రేకుతోనే చేసి, అదే ఎత్తులో 15 తూటాలు పట్టించే మ్యాగజైన్లు బయటి తయారీదార్లు అమ్ముతారు. ఒక చిన్న కంపెనీవి మూడు తీసుకున్నాను. మొదటి ఆర్నెల్లూ వాటిని నేనే అందరికీ సిఫారసు చేశాను. తుపాకీ పొడవు పెరగదు, బరువూ పెద్దగా పెరగదు, ఐదు తూటాలు అదనం.

సుమారు 900 తూటాల తర్వాత జబ్బు మొదలైంది. ఒక తూటా పేలుతుంది, స్లయిడ్ (పిస్టల్ పైన జారే భాగం) వెనక్కి వెళ్ళి ముందుకొస్తుంది, మళ్ళీ మీట (ట్రిగ్గర్) నొక్కితే టిక్కుమంటుంది. తూటా పేలే గది (ఛాంబర్) ఖాళీ. మ్యాగజైన్ అడుగున అరచేత్తో కొట్టి స్లయిడ్ లాగితే మళ్ళీ మామూలే. 40, 50 తూటాలకోసారి ఇలా జరిగేది. మొదట స్ప్రింగ్ అలసిపోయిందనుకుని, స్లయిడ్‌ను ముందుకు తోసే రికాయిల్ స్ప్రింగ్ మార్చాను. పోలేదు. తూటాల బ్రాండు మార్చాను, గుండు బరువు 115 గ్రెయిన్ల నుంచి 124కి వెళ్ళాను. పోలేదు. పేలిన తూటా ఖాళీ డొప్పను బయటకు లాగే ఎక్స్‌ట్రాక్టర్ కింద మసి అంతా తీశాను. అయినా పోలేదు.

దారి చూపింది తెల్ల పెయింటు పెన్ను. మ్యాగజైన్ల అడుగున 1, 2, 3 అని అంకెలు వేసి, ఆగిన ప్రతిసారీ ఏ అంకెదో రాసుకుంటే మూడు సాధనల్లో లెక్క తేలింది. ఉక్కు మ్యాగజైన్లలో రెండింటితోనే ఆగుతోంది, అసలు గ్లాక్ మ్యాగజైన్‌తో ఒక్కసారీ ఆగలేదు. అప్పుడు మ్యాగజైన్‌ను పట్టి ఉంచే గొళ్ళెం విప్పి, కొత్తదాని పక్కన పెట్టి చూశాను. గ్లాక్ ఇచ్చే గొళ్ళెం ప్లాస్టిక్‌ది. తొడుగు లేని ఉక్కు అంచు దాన్ని కొద్దికొద్దిగా చెక్కేసింది. మొన అరిగిన కొద్దీ మ్యాగజైన్ ఉండాల్సిన ఎత్తు కన్నా వెంట్రుకవాసి కిందకు దిగుతుంది. స్లయిడ్ ముందుకొచ్చేటప్పుడు తూటా మడమను తాకి నెట్టాల్సింది పోయి దాని మీదుగా దాటిపోతుంది. అందుకే గది ఖాళీగా మిగిలేది. బిగించిన మ్యాగజైన్ అడుగును వేలితో పైకి తోస్తే కదలిక తెలిసిపోయేది. నేనే ఆ పరీక్ష ముందు చెయ్యలేదు.

ఉక్కు మ్యాగజైన్ వాడితే ఉక్కు గొళ్ళెం కూడా వేసుకోవాలనే మాట నిజమే. కానీ అది వేస్తే అసలు మ్యాగజైన్ల ప్లాస్టిక్ గాడి అరగడం మొదలవుతుంది. రెండు రకాలూ కలిపి వాడటం కుదరదు, ఏదో ఒక దారి పట్టాలి. ఇంకో ఇబ్బంది, 15 నిండుగా నింపితే స్లయిడ్ మూసి ఉండగా మ్యాగజైన్ ఒక పట్టాన కూర్చోదు. గట్టిగా కొట్టి, ఒకసారి కిందకు లాగి చూసుకోకపోతే తుపాకీ తీసే వేళకు జారి కింద పడొచ్చు. 14తో ఆపితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

కొత్త ప్లాస్టిక్ గొళ్ళెం వేసి, అసలు మ్యాగజైన్లకే తిరిగొచ్చాను. ఆ తర్వాత 1,800 పైచిలుకు తూటాల్లో ఒక్కసారీ ఆగలేదు. కాబట్టి "19 ఎత్తులో సన్నని తుపాకీ, తూటాలూ దానిలాగే 15" అన్న నా పాత మాటను ఇప్పుడు సగమే అంటాను. గదిలో ఒకటి, మ్యాగజైన్‌లో పది, మొత్తం 11. అంతకన్నా కావాలనుకునేవాళ్ళు షీల్డ్ ప్లస్ 13 తూటాల మ్యాగజైన్‌నో, 12 పట్టే పీ365 ఎక్స్‌ఎల్‌నో చూడటం మంచిది. వాటికి ఆ సామర్థ్యం తయారీదారు స్వయంగా ఇచ్చినది.

పిడి మెచ్చుకున్నాను కదా, దాని మరో ముఖమూ చెప్పాలి. బెల్టు కిందకు పోయిన గొట్టం ఎవరికీ కనపడదు. చొక్కా మీద అచ్చు పడేది పిడే. దీన్నే ఇక్కడ ప్రింటింగ్ అంటారు. వంగి కింద ఉన్నది తీసేటప్పుడు ఈ 128 మిల్లీమీటర్లు కుడి నడుము మీద స్పష్టంగా తేలతాయి. నాలుగు గంటల స్థానం (నడుమును గడియారంలా చూస్తే కుడి తుంటికి కాస్త వెనక) నుంచి పొత్తికడుపు ముందుకు, అంటే అపెండిక్స్ స్థానానికి మార్చాకే సర్దుకుంది. అక్కడా హోల్‌స్టర్‌కు, అంటే తుపాకీ ఒరకు, రెండు భాగాలు తప్పనిసరి. క్లా అనే చిన్న రెక్క బెల్టును తోసి పిడిని కడుపు వైపు తిప్పుతుంది. వెడ్జ్ అనే మెత్త హోల్‌స్టర్ అడుగును బయటకు నెట్టి పిడి పైభాగాన్ని లోపలికి వంచుతుంది. బెల్టు గట్టిది కాకపోతే ఈ రెండూ దండగ. హోల్‌స్టర్ మరలు వదులవకుండా పట్టే నీలం రంగు థ్రెడ్‌లాకర్ జిగురు ఒక చుక్క వెయ్యండి, నెలకోసారి బిగువు చూడండి.

మనవాళ్ళ బట్టల్లో కుర్తా దీన్ని బాగా దాస్తుంది. కానీ మోకాలి దాకా ఉన్న అంచును రెండు చేతులతో ఎత్తితే గానీ తుపాకీ అందదు, పొట్టి కుర్తా అయితేనే మేలు. పంచెకు బెల్టు లేదు, అంతటితో ఆ చర్చ అయిపోయింది. బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చుంటే అపెండిక్స్‌లో ఉన్నది పక్కటెముకలకు గుచ్చుకుంటుంది. పూజలకీ, గుడికీ వెళ్ళేరోజు అది ఇంట్లో సేఫులోనే ఉంటుంది. టెక్సస్‌లో ప్రార్థనా స్థలాలు నోటీసు పెడితే తీసుకెళ్ళడం నేరం. గుమ్మం దగ్గర తుపాకీ తేవద్దని చెప్పే 30.06, 30.07, 30.05 అంకెలున్న బోర్డులు చదివే అలవాటు తుపాకీతో పాటే రావాలి. బార్ల దగ్గర ఎర్ర అక్షరాల 51 శాతం బోర్డు (రాబడిలో సగానికి పైగా మద్యం నుంచేనని అర్థం) ఉంటే తుపాకీతో అసలు లోపలికి వెళ్ళకూడదు.

కొనేవాళ్ళకు నాలుగు ముక్కలు. గ్రీన్‌కార్డు గానీ పౌరసత్వం గానీ ఉన్నవాళ్ళు దుకాణంలో ఇచ్చే ఫెడరల్ 4473 పత్రం నింపి కొనవచ్చు. హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళకు ఫెడరల్ చట్టం సాధారణంగా ఒప్పుకోదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, వాటిని లాయరుతో తేల్చుకోకుండా అడుగు వెయ్యకండి. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, చట్టపరమైన అడ్డంకులు లేని 21 ఏళ్ళు నిండినవాళ్ళు లైసెన్సు లేకుండానే పెట్టుకోవచ్చు. అయినా లైసెన్సు తీసుకోమనే అంటాను. బడికి 1,000 అడుగుల లోపు వర్తించే ఫెడరల్ నిషేధం నుంచి రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు కాపాడుతుంది. దాని పరీక్షలో 50 తూటాలు: 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10. 250కి 175 రావాలి. అద్దెకు తీసుకున్న తుపాకీతో ముందు ఈ 50 కాల్చి చూస్తే కొనాలో వద్దో అక్కడే తెలిసిపోతుంది.

స్లయిడ్ లాగే బలం చేతుల్లో తక్కువైతే, పెద్ద వయసువాళ్ళకైతే మరీను, 43ఎక్స్ కాదు, స్మిత్ అండ్ వెసన్ వాళ్ళ షీల్డ్ ఈజెడ్ పట్టుకుని చూడండి. స్లయిడ్ సులువుగా కదలడం కోసమే దాన్ని అలా చేశారు.

రోజువారీ వాడకంలో ఎక్కువమంది పట్టించుకోనిది తూటా కుంగడం. రాత్రి గది ఖాళీ చేసి, పొద్దున అదే తూటాను మళ్ళీ ఎక్కిస్తుంటే ప్రతిసారీ దాని ముక్కు గది ముందున్న వాలుకు గుద్దుకుని, గుండు తూటా డొప్పలోకి కొంచెం కొంచెం దిగుతుంది. లోపలి చోటు తగ్గితే పేలినప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరగవచ్చు. అడుగున స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టి, రెండుసార్లకు మించి ఎక్కించకండి. పెట్టెలోని కొత్త తూటా పక్కన నిలబెట్టి చూస్తే పొట్టిదైందో లేదో తెలుస్తుంది. పొట్టిదైతే కాల్చొద్దు, కాల్పుల సాధన చేసే రేంజ్‌లో పనికిరాని తూటాల డబ్బాలో వెయ్యండి. అసలు రోజూ ఖాళీ చెయ్యకుండా, హోల్‌స్టర్‌తో సహా తీసి సేఫులో పెట్టడం ఇంకా మంచి పద్ధతి. పిల్లలున్న ఇంట్లో సేఫు లేకుండా ఈ కొనుగోలు గురించి మాట్లాడటమే వద్దు. 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి అందేలా వదిలేస్తే టెక్సస్‌లో అది నేరం కూడా.

హోల్‌స్టర్‌లో తిరిగి పెట్టేటప్పుడు తొందర వద్దు. దీనికి చేతితో వేసే సేఫ్టీ లేదు. చొక్కా అంచు, జాకెట్ తాడు మీట దగ్గర ఇరుక్కుంటే అదే వేలు పని చేస్తుంది. అంచును ఎడమ చేత్తో పూర్తిగా పైకి పట్టుకుని, కళ్ళతో చూస్తూ, బొటనవేలు స్లయిడ్ వెనక ఆనించి మెల్లగా దించాలి.

మళ్ళీ కొంటే ఇదే కొంటానా? నాది మధ్యస్థం చెయ్యి, కొంచెం పొట్ట, రోజులో ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చునే ఉద్యోగం. ఈ మూడింటికీ ఇది సరిపోయింది. బహుశా అదే పిడి మీద 4.17 అంగుళాల గొట్టమున్న గ్లాక్ 48 తీసుకునేవాణ్ణేమో. బెల్టు కింద పొడుగున్నది పిడిని లోపలికి అణిచి పెడుతుంది, అచ్చు తక్కువ పడుతుంది. కానీ కారులో గంటన్నర ప్రయాణంలో ఆ పొడుగే తొడ మొదట్లో గుచ్చుకుంటుందని అరువు తెచ్చి చూసిన వారంలో అర్థమైంది. చెయ్యి చిన్నదైతే పీ365 పొట్టి మ్యాగజైన్‌తోనే చిటికెన వేలు ఆనవచ్చు, అప్పుడు ఈ పొడుగు పిడి దాచే శ్రమ మీకు అక్కర్లేదు.