మీటర్లకూ బ్రౌజర్‌కూ మధ్య గో: చాలాకాలం వాడాక

ఒకే పెట్టె అటు ఆర్‌ఎస్‌-485 అనే సీరియల్ వైరు మీద కరెంటు మీటర్లను చదవాలి, ఇటు బ్రౌజర్‌కి పేజీలు చూపించాలి. ఇలా రెండు వైపులనూ కలిపే గేట్‌వే పనికి రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుల మీద ఏళ్లుగా నడిపాక చెబుతున్నా, గో ప్రోగ్రామింగ్ భాషే తీసుకోండి. వేగం సంగతి తర్వాత, అసలు సుఖం ఇన్‌స్టాల్ చేయడంలో ఉంది. పైథాన్‌లో రాయడం తేలికే కానీ ప్రతి బోర్డులోనూ వెర్షన్, ప్యాకేజీలు కుదరాలి. ఓఎస్ మారిస్తే మళ్లీ మొదటికొస్తుంది. గోలో అయితే ఒక్క ఫైలు కాపీ చేసి, లినక్స్‌లో ప్రోగ్రాములను నడిపించే సిస్టమ్‌డీకి అప్పగిస్తే చాలు. 2021లో వచ్చిన గో 1.16 వెర్షన్ నుంచి హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ కూడా ఆ ఫైల్లోనే ఇమిడిపోతాయి.

ల్యాప్‌టాప్ మీదే బోర్డుకి కంపైల్ చేసుకోవచ్చు. తొలితరం రాస్‌బెర్రీ పై జీరోది ఏఆర్‌ఎం వీ6 ప్రాసెసర్, కాబట్టి కంపైలర్‌కి ప్రాసెసర్ రకం చెప్పే గోఆర్మ్ సెట్టింగు విలువ 6 ఉండాలి. 7 పెట్టినా బిల్డ్ నిక్షేపంగా పూర్తవుతుంది, బోర్డు మీద మాత్రం ప్రోగ్రామ్ లేవదు. రీడింగులు దాచే చిన్న డేటాబేస్ ఎస్‌క్యూలైట్‌కి సీ కోడ్‌తో ముడిపడిన డ్రైవర్ వద్దు, దానికి సీ క్రాస్ కంపైలర్ కూడా కావాలి. పూర్తిగా గోలో ఉన్న డ్రైవర్ కాస్త నెమ్మదైనా ఈ పనికి సరిపోతుంది. రీడింగులు వచ్చినవి వచ్చినట్టు రాయకుండా నిమిషానికోసారి ఒకే ట్రాన్సాక్షన్‌లో రాయండి, ఎస్‌డీ కార్డు ఎక్కువకాలం నిలుస్తుంది.

ఎక్కువమంది దెబ్బతినేది మీటర్లు మాట్లాడే ప్రోటోకాల్ మోడ్‌బస్ దగ్గర. ఫ్రేము, అంటే ఒక సందేశం, ముగిసిందనడానికి గుర్తు మూడున్నర అక్షరాల నిశ్శబ్దం, 9600 బాడ్ (సీరియల్ వేగం)లో సుమారు 4 మిల్లీసెకన్లు. లినక్స్‌లో దాన్ని కొలవబోతే మోసపోతారు. ఎఫ్‌టీడీఐ చిప్పున్న యూఎస్‌బీ కన్వర్టర్ మామూలు సెట్టింగులో బైట్లను 16 మిల్లీసెకన్ల దాకా పట్టి ఉంచుతుంది. అందుకే పొడవు లెక్కపెట్టి చదవాలి. 2 రిజిస్టర్లు (మీటరులో విలువలుండే గళ్లు) అడిగితే జవాబు 9 బైట్లు: అడ్రసు 1, ఫంక్షన్ 1, డేటా బైట్ల లెక్క 1, డేటా 4, తప్పులు పట్టే సీఆర్‌సీ 2. అడిగినదాంట్లో తప్పుందని మీటరు జవాబిస్తే మాత్రం 5 బైట్లే వస్తాయి. తొమ్మిదింటి కోసం కూర్చుంటే టైమవుట్ అయిపోయి అసలు తప్పేంటో తెలియదు. ముందు 5 చదివి, తప్పుకి గుర్తుగా రెండో బైటులో పై బిట్ 1 అయిందేమో చూసి, లేకపోతేనే మిగతా 4 చదవండి.

మైక్రోసెకన్లలో నడవాల్సిన పనిని గోకి ఇవ్వొద్దు. వాడని మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్ సంగతి అటుంచితే మామూలు లినక్సే అంత కచ్చితత్వానికి హామీ ఇవ్వదు. ఆ ముక్కను సీలో రాసి ఈఎస్‌పీ32 అనే మైక్రోకంట్రోలర్ మీద పెట్టి, సీరియల్ పోర్టుతో కలపండి.

16 ఎంబీ ఫ్లాష్ మెమరీ మాత్రమే ఉన్న రౌటర్లలో కూడా గో ఇరుకే. వెబ్ సర్వర్ కలిసిన చిన్న ప్రోగ్రామ్ సైతం, డీబగ్ సమాచారం తీసేసినా, కొన్ని ఎంబీలు తినేస్తుంది. అక్కడ లువా అనే చిన్న భాష నయం. రౌటర్ల ఓఎస్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సెట్టింగుల పేజీ లూసీని మొదట రాసింది లువాలోనే.