కొల్చిసిన్ 0.5 మిల్లీగ్రాముల మాత్ర: పాత మందుకు కొత్త పని

గౌట్ అనే కీళ్ల జబ్బు నొప్పికి ఎప్పటినుంచో వాడుతున్న కొల్చిసిన్‌ను, రోజుకు 0.5 మిల్లీగ్రాముల చొప్పున గుండె ధమనుల జబ్బుకూ ఇచ్చేందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో అనుమతించింది. ధమని గోడలో చేరిన కొలెస్ట్రాల్‌ను మింగిన మాక్రోఫేజ్ కణాలు (వ్యర్థాలను మింగే తెల్ల రక్తకణాలు) కొవ్వు బిందువులతో ఉబ్బి, నురగ కణాలుగా మారి అక్కడే చిక్కుకుపోతాయి. లోపల ఏర్పడే కొలెస్ట్రాల్ స్ఫటికాలు వాపును రేపే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే సంకేత ప్రోటీన్ విడుదలకు దారితీసి, మరిన్ని తెల్ల రక్తకణాలను అక్కడికి రప్పిస్తాయి. గుండె జబ్బుకు మామూలుగా ఇచ్చే స్టాటిన్ మందు ప్రధానంగా కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తే, ఈ మాత్ర కణాల కదలికకు తోడ్పడే సన్నని గొట్టాలైన సూక్ష్మనాళికలు ఏర్పడకుండా అడ్డుకుని, వాపును పెంచే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాల దూకుడును తగ్గిస్తుంది. ఇంత చవకైన పాత అణువు ఇంత లోతైన పని చేయడం నాకు ముచ్చటగానే అనిపించింది.

దీర్ఘకాలిక ధమని జబ్బు ఉన్న 5,522 మందిపై జరిపి 2020లో ప్రకటించిన లోడోకో2 పరీక్షలో గుండెపోటు, పక్షవాతం వంటి ముప్పులు మొత్తంగా 31 శాతం తగ్గాయి. అయితే గుండెపోటు వచ్చిన కొద్ది రోజుల్లోనే మందు మొదలుపెట్టిన రోగులపై 2024లో వెలువడిన క్లియర్ పరీక్షలో అటువంటి మేలు కనిపించలేదు కాబట్టి, నేను అయిదుకు మూడున్నర మార్కులే వేస్తాను. స్టాటిన్‌కు ఇది తోడే తప్ప బదులు కాదు. కొందరికి విరేచనాలవుతాయి. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారు, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ వాడుతున్నవారు దీన్ని తీసుకుంటే శరీరంలో మందు పేరుకుపోయి విషమయ్యే ప్రమాదం ఉంది.