చపాతీలకు రోటీ మేకరా, ప్రెస్సా, అప్పడాల కర్రా?

మణికట్టు నొప్పి మొదలయ్యాక అమ్మకి చపాతీలు చేయడం కష్టమైపోయింది. కర్రతో పని లేకుండా చేసే దారి ఏదైనా దొరుకుతుందేమోనని ఒక్కో పరికరం తెచ్చి వాడి చూశాం. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను.

ముందు కొన్నది కరెంటు రోటీ మేకర్. ఉండ పెట్టి నొక్కితే చపాతీ వచ్చేస్తుందనుకున్నాం. వారం రోజులు అప్పడాల్లాంటివే తిన్నాం. కారణం తర్వాత అర్థమైంది. చపాతీ పొంగేది ఆవిరితో. నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు చోటు కావాలి. పెనం మీద అయితే రెండు వైపులా పైపొర కొంచెం గట్టిపడి, ఆ ఆవిరిని లోపలే పట్టి ఉంచుతుంది. రోటీ మేకర్‌లో ఒత్తడం, కాలడం రెండూ ఒకేసారి జరగాలి. పిండి సాగేలోపే పైపొర కాలిపోతుంది. మూత ఇంకా నొక్కి పట్టుకుంటే ఆవిరి పక్కల నుంచి తన్నుకొచ్చి చపాతీ చిరుగుతుంది, తేమంతా పోయి గట్టిపడుతుంది.

దీన్ని కొంతవరకు సరిచేసుకోవచ్చు. పిండి మామూలుకన్నా బాగా మెత్తగా, చేతికి కాస్త అంటుకునేలా కలపాలి. ఉండను సరిగ్గా మధ్యలో కాకుండా కొంచెం వెనక్కి, మూత కీలు వైపు పెట్టాలి, ఎందుకంటే మూత దిగేటప్పుడు అది ముందుకి జరుగుతుంది. ఒకటి రెండు సెకన్లు మాత్రమే నొక్కి వెంటనే మూత ఎత్తేయాలి. ఇవన్నీ పాటిస్తే తినదగ్గ చపాతీలే వస్తాయి. పుల్కా మాత్రం రాదు. ఒక మనిషికి రెండు చాలనుకుంటే సరే కానీ, రోజూ నలుగురికి చేయాలంటే నేను దీన్ని కొనమని చెప్పను.

చేత్తో నొక్కే ప్రెస్‌తో ఇంకో చిక్కు. గోధుమ పిండిలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ రబ్బరులా సాగి మళ్లీ వెనక్కి లాగుతుంది. అందుకే ఎంత నొక్కినా చపాతీ మందంగా, చిన్నగానే ఉంటుంది. పూరీకి ఆ సైజు సరిపోతుంది కాబట్టి పూరీలకు ఇది హాయి. గ్లూటెన్ లేని జొన్న, మొక్కజొన్న పిండ్లకైతే ఇంకా మంచిది. వాటిని వేడి నీళ్లతో కలిపి రెండు ప్లాస్టిక్ షీట్ల మధ్య పెట్టి నొక్కితే వెనక్కి లాగవు. మెక్సికోలో మొక్కజొన్న టోర్టియాలకు వాడేది ఇలాంటి ప్రెస్సే.

పిండి, నీళ్లు, నూనె వేస్తే కలిపి, ఒత్తి, కాల్చి ఇచ్చే పూర్తి ఆటోమేటిక్ యంత్రాలూ ఉన్నాయి. సింగపూర్‌లో పుట్టిన రోటీమ్యాటిక్ అలాంటిదే. ఒక్కో రోటీకి నిమిషం పైనే పడుతుంది. అంటే డజను రోటీలకు చేత్తో చేసినంత టైమ్ అవుతుంది, కాకపోతే ఆలోపు మీరు కూర చూసుకోవచ్చు. కానీ ఖర్చు ఎక్కువ, గట్టు మీద పెద్ద చోటు కావాలి, భాగాలు విప్పి కడుక్కోవాలి. చేతులు అసలు సహకరించని వాళ్లకు మాత్రం ఇది నిజంగా మేలు చేస్తుంది.

ఇన్ని చూశాక ఒకరోజు అమ్మనే అడిగాను, సరిగ్గా ఎప్పుడు నొప్పి వస్తుందని. "ఒత్తేటప్పుడు కాదురా, పిండి పిసికేటప్పుడు" అంది. మేం ఇన్నాళ్లూ తప్పు పనికి యంత్రం వెతికాం!

పిసకడానికి ఫుడ్ ప్రాసెసర్ చాలు. చల్లటి నీళ్లు పోస్తూ తిప్పితే ఒకటి రెండు నిమిషాల్లో ముద్ద అవుతుంది. ముద్ద అవగానే ఆపేయాలి, లేకపోతే పిండి వేడెక్కుతుంది. స్టాండ్ మిక్సర్ కూడా పనికొస్తుంది కానీ పిండి తక్కువైతే దాన్ని కలిపే కొక్కేనికి అందదు, గిన్నె అడుగున అలాగే తిరుగుతూ ఉంటుంది.

ఏ యంత్రమూ లేకపోయినా ఒక ఉపాయం ఉంది. పిండి, నీళ్లు పైపైన కలిపేసి తడిగుడ్డ కప్పి అరగంట వదిలేయండి. పిండి నీళ్లు పీల్చుకుని గ్లూటెన్ దానంతటదే అల్లుకుంటుంది. బ్రెడ్ తయారీలో ఈ పద్ధతిని ఫ్రాన్స్‌కు చెందిన రేమాన్ కాల్వెల్ 1970లలో ప్రచారంలోకి తెచ్చారు. అరగంట తర్వాత ఒక్క నిమిషం పిసికితే చాలు. నానిన పిండి తేలిగ్గా సాగుతుంది కాబట్టి ఒత్తేటప్పుడు కర్ర మీద బలం కూడా పెట్టక్కర్లేదు.

అందుకే డబ్బు పెట్టేవాళ్లకు నా సలహా: ముందు మందపాటి ఇనప పెనం, తర్వాత పిండి కలిపే యంత్రం. పెనం బాగా కాగితేనే పుల్కా పొంగుతుంది, మందపాటిది ఆ వేడిని నిలుపుతుంది. రోటీ మేకర్ ఇప్పుడు అటక మీద ఉంది. పూరీల రోజు ప్రెస్ బయటికి వస్తుంది. మిగతా రోజుల్లో పిండి నేను ప్రాసెసర్‌లో కలిపి పెడతాను, ఒత్తేది మళ్లీ అమ్మే.