టాటా 207 డీఐ: 18 ఏళ్లు, 6 లక్షల కిలోమీటర్లు, అదే ఇంజన్

పాత టాటా 207, అంటే సరుకులు మోసే పికప్ బండి, కొనాలనుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు ముందు అడిగేది ఒకటే. "అన్నా, మీ బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?" నేను జవాబు చెప్పే ముందు వాళ్లను బండి దగ్గరికి తీసుకెళ్తాను. ఇంజన్ స్టార్ట్ చేసి, ఆయిల్ పోసే మూత తీసి, దాన్ని అదే రంధ్రం మీద తిరగేసి పెడతాను. ఇంజన్ బాగుంటే మూత కాస్త వణుకుతూ అక్కడే ఉంటుంది. అరిగిపోయిన ఇంజన్ అయితే లోపలి నుంచి పొగ బుసబుసా తన్ని మూతను కింద పడేస్తుంది. మా వైపు మెకానిక్‌లు దీన్నే బ్యాక్ కంప్రెషన్ అంటారు. సిలిండర్‌లో మండిన గాలి పిస్టన్ రింగులను దాటి, ఆయిల్ ఉండే చోటికి దిగిపోతోందని అర్థం. మీటర్లో అంకె మార్చడం తేలిక. ఈ పొగను దాచడం కష్టం.

మాది మదనపల్లె దగ్గర పల్లె. బండి 2006లో కొత్తదే కొన్నాను. టమోటా సీజన్లో చింతామణి, హోసకోట మీదుగా బెంగళూరు, లేదంటే పలమనేరు, చిత్తూరు మీదుగా చెన్నై కోయంబేడు మార్కెట్. సీజన్ లేనప్పుడు పశువుల దాణా, ఎరువులు, బెల్లం, ఏది దొరికితే అది. మొదటి రోజు నుంచీ లెక్కల పుస్తకంలో డీజిల్, ఆయిల్, కిలోమీటర్లు రాస్తూ వచ్చాను. ఆ పుస్తకాలు ఇప్పుడు ఐదయ్యాయి. వాటి ప్రకారం బండి 6,12,000 కిలోమీటర్లు తిరిగింది. లోడుతో లీటరుకు సగటున 11 వస్తోంది. ఇంజన్ బ్లాకు మారలేదు. లోపలి సామాను ఒక్కసారి మార్చాను. అది కూడా మార్చాల్సిన అవసరం అంత తొందరగా వచ్చేది కాదు, ఆ సంగతి కింద చెబుతాను.

ఇందులో ఉండేది 497 ఇంజన్. ఆ పేరులోనే దాని కొలత ఉంది. నాలుగు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు. స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 100 మిల్లీమీటర్లు, మొత్తం 2956 సీసీ. గాలిని నొక్కి లోపలికి పంపే టర్బో లేదు, కంప్యూటర్ లేదు. ఇంత చిన్న బండికి మూడు లీటర్ల ఇంజన్ ఎందుకని కొన్నప్పుడు మా బావ అడిగాడు. ఇన్నేళ్లు నడిపాక నా సమాధానం: అందుకే అది బతికింది. లోడుతో పోతున్నా ఇంజన్ తొందరపడదు. తక్కువ తిరుగుడులోనే బరువు లాగుతుంది కాబట్టి గొంతు చించుకుని అరవాల్సిన పని లేదు. కిలోమీటరుకు పిస్టన్ ఎన్నిసార్లు పైకీ కిందికీ పోతుందో, లైనర్ (సిలిండర్ లోపలి తొడుగు) అరుగుదల ఆ లెక్కలోనే ఉంటుంది. రెండోది, డీజిల్ నేరుగా పిస్టన్ తలమీది గుంటలోనే మండుతుంది. డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) అంటే అదే. అంతకు ముందు తరం ఇంజన్లలో మంట పక్కనున్న చిన్న గదిలో మొదలయ్యేది. ఆ గోడల గుండా వేడి ఎక్కువగా నీళ్లలోకి పోయేది, పొద్దున్నే హీటర్ ప్లగ్ వెలిగించనిదే స్టార్ట్ అయ్యేది కాదు. మా మదనపల్లె ఎత్తు మీదుంది, డిసెంబర్లో తెల్లవారుజామున చేతులు కొంకర్లు పోతాయి. ఆ చలిలో కూడా ఇది రెండో తిప్పుకు అందుకుంటుంది.

టాటా 407 లారీలో కూడా ఈ 497 కుటుంబపు ఇంజనే ఉండటం ఇంకో పెద్ద మేలు. లైనర్, పిస్టన్ కిట్టు అడిగితే చిన్న ఊళ్లో కూడా తెల్లారేసరికి తెప్పిస్తారు. చేయి తిరిగిన మెకానిక్ దొరకని ఊరు లేదు.

ఇక నా తప్పుల దగ్గరికి వస్తాను. ఇంజన్ ఎంత గట్టిదో నాకు తెలిసింది వాటివల్లే.

మొదటి నాలుగైదేళ్లు రేడియేటర్లో నేను పోసింది మా పొలం బోరు నీళ్లు. కూలెంట్‌కు డబ్బు ఎందుకు దండగ అనుకున్నాను. 2011 మే నెలలో చిత్తూరులో బెల్లం ఎత్తుకుని తిరిగి వస్తున్నాను. మధ్యాహ్నం రెండు గంటలు. బంగారుపాళెం దాటి మొగిలి ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు సగం దాటింది. ఆగాల్సింది. ఎక్కేస్తే పైన గాలి తగులుతుంది, అదే చల్లబడుతుందిలే అనుకుని రెండో గేర్లో లాగించాను. ముల్లు ఎర్ర గీత ముట్టుకున్నాక బండి గుంజడం మానేసింది. బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. అప్పుడాపాను. గంటన్నర చెట్టు కింద కూర్చున్నాను. బెల్లం కరిగిపోతుందేమోనని ఒక టెన్షన్, ఇంజన్ పట్టేసిందేమోనని ఇంకో టెన్షన్.

చల్లారాక తిరిగింది. ఊరు చేరింది. కానీ పొద్దున డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పాలు పోసిన కాఫీలా ఉంది. ఇంజన్ పైభాగానికి (హెడ్డుకు), కింది బ్లాకుకు మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయి నీళ్లు ఆయిల్లో కలిశాయి. మెకానిక్ భాయ్ హెడ్డు విప్పి లేత్ షాపుకు పంపాడు, వంగిన మేరకు ఫేసింగ్ కొట్టి చదును చేశారు. అదే రోజు రేడియేటర్ పైతొట్టి ఊడదీసి నన్ను పిలిచాడు. "అన్నా, ఇట్ల చూడు." ట్యూబుల నోళ్లు చాలావరకు తెల్లగా మూసుకుపోయి ఉన్నాయి. ఇంట్లో స్నానానికి నీళ్లు కాచే కాగు అడుగున పేరుకునే సున్నపు పొర ఉంటుంది కదా, అచ్చం అదే. గోరుతో గీకితే పెచ్చులుగా ఊడింది. నాలుగైదేళ్లుగా ఆ ఉప్పు నీళ్లు కాగి కాగి దారులు పూడ్చేశాయి. నీళ్లు తిరిగే సందు సగం కూడా లేదు. ఇందులో బండి తప్పేమీ లేదు, నేను పోసిన నీళ్లే.

ఆ రోజు నుంచి ఆర్వో ప్లాంటు నీళ్లు, సగానికి సగం కూలెంట్. రెండేళ్లకోసారి పూర్తిగా మార్పు. ఫ్యాన్ బెల్టు, హోసులు వేసవికి ముందే చూపిస్తాను. ముల్లు సగం దాటితే ఎక్కడున్నా సరే ఆగుతాను.

రెండో దెబ్బ దుమ్ము. ఇది నెమ్మదిగా కొట్టింది. 2014లో ఒక షాపులో సర్వీసు చేయించినప్పుడు ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు గొట్టం క్లాంపు సరిగా బిగించలేదు. పైకి చూస్తే మామూలుగానే ఉంది. నేను తోటల్లోకి, మట్టి దారుల్లోకి పోయే మనిషిని. దాదాపు ఎనిమిది నెలలు ఆ సందులోంచి ఎర్ర దుమ్ము లోపలికి పీల్చుకుంది. ఆయిల్ తాగడం మొదలైంది. వెయ్యి కిలోమీటర్లకు లీటరు పోయాల్సి వచ్చింది, వెనక నీలం పొగ. భాయ్ ఆ గొట్టం ఊడదీసి లోపల వేలు పెట్టి తిప్పాడు. వేలి కొనకు కుంకుమ అద్దినట్టు ఎర్రగా అంటుకుంది.

అప్పటికి 3,40,000. ఇంజన్ దించారు. లైనర్ పైభాగాన, రింగు పైకొచ్చి ఆగే చోట, ఒక మెట్టు పడి ఉంది. గోరు పెట్టి జరిపితే అక్కడ తట్టుకుని ఆగింది. ఆయిల్ నిలవడానికి కొత్త లైనర్ గోడల మీద అడ్డదిడ్డంగా సన్న గీతలుంటాయి. అవి పూర్తిగా చెరిగిపోయి అద్దంలా మెరుస్తోంది. కానీ పిస్టన్ల కింద తిరిగే క్రాంకు షాఫ్టు చూసినప్పుడు నాకు ప్రాణం లేచి వచ్చింది. కొలిచి చూసి గ్రైండింగ్ అక్కర్లేదన్నారు, బేరింగులు మాత్రం మార్చారు. నాలుగు లైనర్లు, పిస్టన్లు, రింగులు, వాల్వు పని, మజూరీ అన్నీ కలిపి 58 వేలు అయింది. తొమ్మిదో రోజు బండి మళ్లీ రోడ్డెక్కింది. ఆ తర్వాత 2,72,000 తిరిగింది, ఇంకా లోపల చేయి పెట్టలేదు. ఇప్పుడు మూడు వేల కిలోమీటర్లకు లీటరు ఆయిల్ పోస్తున్నాను. ఈ వయసుకు నాకది సంతోషమే.

ఆయిల్ 8 వేల కిలోమీటర్లకు మారుస్తాను, ఫిల్టర్‌తో సహా, ఎప్పుడూ తప్పలేదు. ఒక విషయం గురించి మాత్రం చాలామంది ఆలోచించరు. నేను బండి కొన్నప్పుడు దొరికేది బీఎస్2 అనే కాలుష్య ప్రమాణం డీజిల్, అందులో గంధకం 500 పీపీఎం (పది లక్షల పాళ్లలో 500) దాకా ఉండొచ్చు. 2017లో దేశమంతా బీఎస్4 వచ్చాక 50కి, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6తో 10కి దిగింది. గంధకం మండి, తేమతో కలిసి ఆమ్లంగా మారి ఆయిల్‌ను పాడుచేస్తుంది, లైనర్‌ను తింటుంది. అంటే పాత ఇంజన్లు ముసలితనంలో మంచి తిండి తింటున్నాయి. అయినా నేను 8 వేల లెక్క పెంచలేదు.

డీజిల్లో నీళ్లు కలిసి ఒకసారి సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ పోయాయి. ఫిల్టర్ అడుగున ఉండే స్క్రూ వదులు చేసి నీళ్లు దింపే అలవాటు అప్పటి నుంచి, వానాకాలంలో వారానికోసారి.

బాగోలేనివి కూడా చెప్పాలి. శబ్దం ఎక్కువ, రాత్రంతా నడిపితే చెవుల్లో హోరు పొద్దున దాకా పోదు. లోడుతో ఘాట్ ఎక్కితే వెనక వచ్చే కార్లవాళ్లకు ఓపిక కావాలి. అన్నిటికంటే నన్ను బాధపెట్టేది పొగ. నాజిల్స్ కాస్త అటూ ఇటూ అయితే చాలు, గేరు మార్చినప్పుడు నల్లగా వదులుతుంది. మా ఊరి బడి ముందు నుంచి పోయేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తాను. కంప్యూటర్ లెక్కతో డీజిల్ చిమ్మే కొత్త కామన్ రైల్ బండ్లు ఈ విషయంలో ఎంతో మేలు, దాన్ని ఒప్పుకోకపోతే అబద్ధం ఆడినట్టే. మైలేజీలోనూ అవే ముందుంటాయి. ఏటా ఫిట్‌నెస్, గ్రీన్ టాక్స్ అదనం. రోజూ బెంగళూరు ఫుల్ లోడు తిరిగే పని ఉన్నవాళ్లు, ఫైనాన్స్ కట్టగలిగితే, కొత్తదే తీసుకోండి. పొలం, మార్కెట్, చుట్టుపక్కల వంద కిలోమీటర్లు అనుకునేవాళ్లకు, బండి పని తెలిసిన మనిషి తోడుంటే, పాత 207 ఇప్పటికీ కొనదగ్గదే.

కొనేముందు మూత తిరగేసి చూడండి. పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. అమ్మేవాడు మీరు రాకముందే స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచితే, ఇంకో రోజు వస్తానని చెప్పి వెనక్కి రండి. స్టార్ట్ చేయకముందే రేడియేటర్ మూత తీసి, తెల్లపొర ఉందేమో లోపల వేలు పెట్టి చూడండి. ఎయిర్ గొట్టం ఊడదీయించి చూడండి, ఇంజన్ వైపు గోడల మీద దుమ్ము ఉంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు. ఓవర్‌లోడ్ కొట్టిన బండి చట్రం చూస్తే తెలుస్తుంది, స్ప్రింగు కట్టలు కూర్చుని ఉంటాయి. అలాంటి బండి ఇంజన్ కూడా అంతే కష్టపడి ఉంటుంది. నేనూ మొదట్లో 30 కిలోల బాక్సులు 70 దాకా ఎక్కించినవాడినే. ఇప్పుడు 45 దగ్గర ఆపేస్తాను.

మొన్న ఏప్రిల్లో రేడియేటర్ పైతొట్టి మళ్లీ విప్పించాను. భాయ్ ఇప్పుడు పనికి రావడం తగ్గించాడు, వాళ్ల అబ్బాయి విప్పాడు. టార్చి వేసి చూస్తే ట్యూబులన్నీ అవతలి దాకా తెరిచే ఉన్నాయి. తెల్లపొర ఎక్కడా లేదు.