యుద్ధ సినిమాల డిస్కులు: ఆ దడలో సగం మా గోడదే

జలాంతర్గామి మీద డెప్త్ చార్జ్ (నీటి లోతున పేలే బాంబు) పేలినప్పుడు గుండెల్లో దడ పుట్టాలంటే సినిమాను డిస్కులోనే చూడాలని, ఆన్‌లైన్‌లో ఆ సుఖం లేదని ఏళ్ల తరబడి బంధువులందరికీ చెబుతూ వచ్చాను. ఇద్దరి చేత ఊఫర్లు (లోతు శబ్దాల స్పీకర్లు) కొనిపించాను కూడా. ఆ మాటను పూర్తిగా వెనక్కి తీసుకోను గానీ, కొంత సవరించుకోక తప్పదు.

మాది కడపలో తాతలనాటి ఇల్లు. గోడల్లో గూళ్లు, గూళ్లలో అడ్డంగా నాపరాళ్లు. బయటి ఊళ్లవాళ్లు కడప రాయి అని డబ్బు పోసి కొని వంటింట్లో అరలు కట్టించుకుంటారు. మాకు అది పుట్టినప్పటి నుంచి కంటి ముందున్న బండ, దాని వైపు చూసేవాళ్లే లేరు. టీవీ ఉన్న గది పన్నెండడుగులకు పది. ఊఫరు పెట్టడానికి మిగిలిన చోటు గూటి కింద మూల ఒక్కటే. గూటిలో అమ్మ ఊరగాయ జాడీలు మూడు.

2017లో థియేటర్లో ‘ఘాజీ’ చూసొచ్చాక నాకు జలాంతర్గాముల పిచ్చి పట్టింది. కువైట్‌లో పనిచేసే మా బావమరిది ఆ ఏడాది సెలవుకు వస్తూ ‘దాస్ బూట్’ బ్లూరే డిస్కు తెచ్చాడు. వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్ 1981లో తీసిన జర్మన్ జలాంతర్గామి సినిమా. డిస్కులో ఉన్నది దర్శకుడు 1997లో మళ్లీ కూర్చిన రూపం, 209 నిమిషాలు. ప్లేయరు కూడా అతను తెచ్చిందే కావడం నా అదృష్టం. బ్లూరే లెక్కల్లో మన దేశం సి ప్రాంతం, కువైట్ బి ప్రాంతం. ఇక్కడ కొన్న ప్లేయర్లలో అక్కడి డిస్కులు కొన్ని మొరాయిస్తాయి. తెప్పించుకునేవాళ్లు అట్ట వెనక ఆ అక్షరం చూసుకోవాలి.

ఆ డిస్కును ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. కెమెరామన్ యోస్ట్ వకానో చేతిలో కెమెరా పట్టుకుని, మనిషి దూరడమే కష్టమైన ఆ ఇనుప గొట్టంలో పరుగెత్తుతుంటే వెనకాల మనమూ తల వంచుకుంటాం. కానీ నేను వచ్చినవాళ్లకల్లా చూపించింది అది కాదు. పైన శత్రువు ఓడ తిరుగుతూ ఉంటుంది, లోపల అందరూ ఊపిరి బిగబట్టి పైకి చూస్తూ ఉంటారు, అప్పుడు పేలుతుంది. మా గది గదంతా అదిరేది. నేల నుంచి అరికాళ్లకు, అక్కడి నుంచి కడుపులోకి పాకేది. 5.1 శబ్దంలో (ఐదు మామూలు స్పీకర్లు, ఒక ఊఫరు) ఆ చివరి ఒకటి 120 హెర్ట్జ్ కంటే కిందనున్న లోతు శబ్దాలకే కేటాయించిన దారి అని, డిస్కులో దాన్ని ఏమీ పోగొట్టకుండా ఇస్తారని, అందుకే ఇంత దడ అని ఉపన్యాసం ఇచ్చేవాణ్ని. అందులో తప్పేమీ లేదు, ఆ చివరి ‘అందుకే’ తప్ప.

నాలుగేళ్లు బాగానే గడిచాయి. తర్వాత ఒక ఏప్రిల్‌లో, సరిగ్గా పేలుడు దగ్గరే, జర్రుమని రేకు కొట్టుకున్నట్టు ఒక చప్పుడు మొదలైంది. ముందు డిస్కునే అనుమానించాను. 2010లో అమెరికాలో వచ్చిన ‘సేవింగ్ ప్రైవేట్ ర్యాన్’ బ్లూరే మొదటి విడతలో మాటలు పెదవులకు అతకక డిస్కులను వెనక్కి తీసుకున్న సంగతి చదివి ఉన్నాను. అంత పెద్ద సినిమాకే ఆ గతి పడితే దీనికి పట్టదా అనుకుని అదే డిస్కు మరొకటి తెప్పించాను. ఇప్పుడు నా దగ్గర రెండు ‘దాస్ బూట్’లు ఉన్నాయి, రెండూ అక్కడే జర్రుమన్నాయి. తీగలు మార్చాను. చివరికి ఊఫరును తువ్వాలులో చుట్టి స్కూటరు మీద ఏడు రోడ్ల దగ్గర ఒక మెకానిక్ వద్దకు తీసుకెళ్లాను. అతను గంటసేపు సినిమా పాటలు పెట్టి విని, మూత విప్పి, బిగించి, “దీనిలో ఏమీ లేదు సార్, ఉంటే మీ ఇంట్లోనే ఏదో ఉంది” అని మూడు వందలు తీసుకున్నాడు. ఈ మాట ఇంట్లో చెబితే మా ఆవిడ వేరే అర్థం తీసుకుని సాయంత్రం గుమ్మానికి నిమ్మకాయ కట్టింది.

జులై వచ్చేసరికి చప్పుడు దానంతటదే పోయింది. నిమ్మకాయకు పేరొచ్చింది. కడప ఎండకు లోపలి కాయిల్ వేడెక్కి ఉంటుందని నేను సమాధానపడ్డాను. మరుసటి ఏడు ఏప్రిల్‌లో మళ్లీ మొదలు. ఈసారి ఊఫరు మీద తడిగుడ్డ వేశాను, దాని ఎదురుగా టేబుల్ ఫ్యాను కూడా పెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గుగా ఉంది.

మే నెలలో ఒక రాత్రి అదే సీను నడుస్తోంది. కొత్త ఊరగాయ పెట్టే రోజులు కావడంతో అమ్మ ఖాళీ జాడీలు కడగడానికి గదిలోకి వచ్చింది. ఒకటి తీసి చంకన పెట్టుకుని, రెండోదాని కోసం నాపరాయి మీద చెయ్యి ఆనించింది. చప్పుడు ఆగిపోయింది. చెయ్యి తీసింది, జర్రుమంది. “ఒరేయ్, నీ బాంబులకు బండ వణుకుతోంది, పట్టుకుని చూడు” అంది. నేను వెళ్లి అరచెయ్యి ఆనించాను. రాయి చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. గోడలో ఆ రాయి కూర్చున్న చోట సున్నం ఎప్పుడో రాలిపోయింది. జాడీలు నిండుగా ఉన్నన్నాళ్లూ వాటి బరువుకు అది కదలకుండా కూర్చునేది. ఏప్రిల్ నాటికి ఊరగాయ అడుగంటేది, బరువు తగ్గేది, రాయి గోడకు కొట్టుకునేది. కొత్త కాయలు వచ్చి జాడీలు నిండితే జబ్బు నయం. అంతకు ముందు ఏళ్లలో రాయి పట్టుకున్న సున్నం కొంత ఉండి ఉంటుంది.

పాత సైకిల్ ట్యూబు కోసి నాలుగు ముక్కలు రాయి చివర్ల కింద దోపాను. ఊఫరును గోడకు అడుగున్నర ఇవతలికి జరిపాను. జర్రు పోయింది. దాంతోపాటు దడ కూడా సగం పోయింది! జాడీలు నిండుగా ఉన్న నెలల్లో సైతం ఆ రాయి, ఆ గోడ, ఆ మూల కలిసి పేలుడుకు తమ వంతు గొంతు కలిపేవన్నమాట. నేను డిస్కుకు కట్టబెట్టిన పేరులో మా తాత కట్టించిన గోడకు రావలసిన వాటా ఉంది. నేను ఊఫరు కొనిపించిన ఇద్దరిదీ అపార్టుమెంటు, సిమెంటు గోడలు. మీ ఇంట్లో వచ్చినట్టు మాకు రావడం లేదని వాళ్లు అంటే సెట్టింగులు సరిచూసుకోమని విసుక్కున్నాను.

ఒక వారం సినిమా చప్పబడినట్టే ఉంది. ముక్కలు పీకేద్దామా అనిపించింది. తర్వాత మెల్లగా చెవికి వేరే సంగతులు తగిలాయి. ఇంతకు ముందు పేలుళ్లన్నీ కలిసి ఒకటే మోత. ఇప్పుడు దూరాన ఒకటి, దగ్గర ఒకటి విడివిడిగా తెలుస్తున్నాయి. పేలుడు తర్వాత బల్బు గాజు రాలడం, ఎక్కడో నీళ్లు చిమ్మడం, ఇనుము మూలగడం, ఇవన్నీ ఇన్నాళ్లూ మా గూటి మోత కింద పడి నలిగాయి. జిబ్రాల్టర్ జలసంధి దగ్గర జలాంతర్గామి 280 మీటర్ల లోతున సముద్రపు నేలకు కూర్చునే ఘట్టంలో బోల్టులు తుపాకీ గుళ్లలా ఎగిరిపడతాయి. అక్కడ నేను కొత్తగా విన్నది బోల్టులను కాదు, రెండు బోల్టుల మధ్య మనుషుల ఊపిరిని.

చిక్కు ఎక్కడంటే, అది వినాలంటే ఫ్యాను ఆపాలి. కడపలో మే నెలలో, తలుపులు మూసుకుని, ఫ్యాను ఆపి మూడున్నర గంటలు! తెర మీద వాళ్లూ చెమటలు కక్కుతుంటారు, నేనూ కక్కుతుంటాను. డిసెంబరులో చూడటం మేలు.

‘సేవింగ్ ప్రైవేట్ ర్యాన్’ చివరి పోరులో ట్యాంకులు కనబడకముందే వినబడతాయి. ఆ రాక ముందు మా గూటికే తెలిసేది, జాడీ మూత టకటకమనేది. ఇప్పుడు గొలుసు చక్రాల కీచు వేరుగా, ఇంజను మోత వేరుగా వస్తోంది. ఇది లాభమే.

బొమ్మ గురించి నాకు పెద్ద ఫిర్యాదులు లేవు, ఒక్కటి తప్ప. ఇదే సినిమా సముద్రపు ఒడ్డు దృశ్యాల్లో కొంత భాగం కెమెరా షట్టరు తెరుచుకునే కోణాన్ని మామూలు 180 డిగ్రీలకు బదులు 45కు తగ్గించి తీశారు. ఒక్కో ఫ్రేము సెకనులో 192వ వంతు మాత్రమే వెలుగు చూస్తుంది. అందుకే లేచిన మట్టిబెడ్డలు అలికినట్టు కాకుండా విడివిడిగా, కంటికి గుచ్చుకునేటట్టు కనిపిస్తాయి. రంగులు కావాలనే వెలిసినట్టు ఉంచారు. మా బావమరిది కొత్త టీవీలో కదలికలను నునుపు చేసే సెట్టింగు ఆన్ చేసి ఉండటంతో అదంతా పెళ్లి వీడియోలా జారిపోయింది. ఆ సెట్టింగు ఆపి మళ్లీ వేస్తే, “ఇప్పుడు పాతగా ఉంది బావా, చుక్కలు చుక్కలుగా ఉంది” అన్నాడు. ఆ చుక్కలు ఫిల్ము ఒంటి చర్మం. వాటిని తుడిచేస్తే ఏమవుతుందో చూడాలంటే అమెరికన్ జనరల్ కథ, 1970 నాటి ‘ప్యాటన్’ మొదటి బ్లూరే, 2008లో వచ్చినది, చూడండి. జనరల్ గారి ముఖం మైనం బొమ్మ. 2012లో మళ్లీ వేసినదాంట్లో మనిషయ్యాడు.

‘డన్‌కర్క్’ డిస్కులో ఐమాక్స్ అనే అతి పెద్ద ఫిల్ము మీద తీసిన భాగాలు తెర నిండా వస్తాయి, మిగతావి పైనా కిందా నల్ల పట్టీలతో వస్తాయి. టీవీ చెడిపోయిందని అమ్మ రెండుసార్లు చెప్పింది. శబ్దం గట్టిది, మాటలు దానిలో మునిగిపోతాయి. నేను కింద అక్షరాలు పెట్టుకునే చూస్తాను.

కరెంటు పోయే ఊళ్లో ఉన్నవాళ్లకు ఇంకొకటి. నా డిస్కుల్లో చాలావాటికి ఆగిన చోటు గుర్తుండదు. మూడో గంటలో కరెంటు పోయి వస్తే మళ్లీ మొదటి హెచ్చరికల నుంచి. చిన్న ఇన్వర్టరు ప్లేయరుకు కూడా తగిలించాక బతికాను.

కొనవచ్చా అని అడిగితే, సొంత ఇల్లు, మందపు గోడలు, ఓపిక గల అమ్మ ఉన్న నాకు డిస్కు ఇప్పటికీ బాగుంది. ఆన్‌లైన్‌లో అదే సినిమా వేస్తే నీటి కింది చీకటి మెట్లు మెట్లుగా విరుగుతుంది, ఆ ఊపిరి చప్పుడూ అంత తేటగా లేదు. అద్దె ఇంట్లో, పక్కవాళ్ల గోడను ఆనుకుని ఉన్నవాళ్లకు ఊఫరు సంగతి నేను చెప్పలేను. హెడ్‌ఫోన్లతో చూస్తే ఊపిరైనా మిగులుతుంది.

జాడీలు మళ్లీ నిండాయి. మా బావమరిది సెలవుకు వస్తున్నాడంటే మాత్రం ముందురోజే ఆ నాలుగు రబ్బరు ముక్కలు పీకి దాచేస్తాను. అతనికి ఆ దడే ఇష్టం, నాకు డిస్కులు తెచ్చేది అతనే.