కెడిల్‌స్టన్ హాల్ సూపర్, మేం దిగిన గెస్ట్‌హౌస్ మాత్రం నరకం

ఇంగ్లండ్‌లో డెర్బీ దగ్గర ఉన్న కెడిల్‌స్టన్ హాల్ అనే పాత బంగళా చూడాలనుకునేవాళ్లకి ముందే చెప్తున్నా. ఆ బంగళా కోసం ఎంత దూరమైనా వెళ్లొచ్చు. బస బుక్ చేసేటప్పుడు మాత్రం "లిస్టెడ్ భవనం" (అంటే చరిత్ర ఉందని ప్రభుత్వ జాబితాలో చేర్చిన ఇల్లు) అన్న మాట చూసి మురిసిపోయి డబ్బు కట్టేయకండి.

మేం దిగిన చోటు పేరు రాయను. రాత్రికి 94 పౌండ్లు, పార్కింగ్‌కి విడిగా 8. గది ఫొటోల్లో రాజసంగా ఉంది. కిటికీలు పాతకాలపు ఒంటి అద్దానివి, చెక్కకీ గోడకీ మధ్య సందులోంచి రాత్రంతా గాలి రివ్వున కొడుతూనే ఉంది. ఏప్రిల్ నెలలో అత్తయ్యగారు మంకీ క్యాప్ తీయకుండా పడుకున్నారు. మా ఆయన కిందికెళ్లి అడిగితే ఓనరమ్మ చాలా చల్లగా, ఇది గ్రేడ్ 2 లిస్టెడ్, కిటికీలు మార్చాలంటే కౌన్సిల్ అనుమతి కావాలి, మా చేతుల్లో లేదు అంది. ఆ నిబంధన నిజమే, కాదనను. కానీ రాత్రి పదింటికల్లా హీటర్ కట్టేయమని ఏ కౌన్సిల్ చెప్పింది? ఇంకో దుప్పటి అడిగితే 5 పౌండ్లు బిల్లులో వేయమని ఏ చట్టంలో ఉంది? టిఫిన్ సంగతి అడక్కండి, మేం శాకాహారులమని బుకింగ్‌లోనే రాశాం, ఇద్దరికి రెండు బ్రెడ్డు ముక్కల మీద పుట్టగొడుగులు వేసిచ్చారు, మావయ్యగారు వాటిని ముట్టరు. ఆయన టీ ఒక్కటే తాగి లేచారు, అప్పటి నుంచి మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ మూడ్‌తో కెడిల్‌స్టన్ చేరాం. డెర్బీ నుంచి కారులో పావుగంట పైచిలుకు. వంతెన దాటాక పచ్చిక మీద ఒక్కసారిగా ఇల్లు కనిపిస్తుంది, ముందు ఆరు పెద్ద కొరింథియన్ స్తంభాలు, పైన ఆకుల నగిషీ ఉన్నవి. అత్తయ్యగారు కోఠి ఉమెన్స్ కాలేజీలో డిగ్రీ చదివారు, చూడగానే "అచ్చం మా కాలేజీయే, సింహాలే తక్కువ" అన్నారు. అంతగా తప్పు కాదు. ఆ కాలేజీ నడిచిన కోఠి రెసిడెన్సీ కూడా ఆ కాలపు ఇంగ్లీషు దొరల అభిరుచితో కట్టిందే.

ఈ ఇల్లు కట్టించింది సర్ నథానియెల్ కర్జన్. 1759లో పని మొదలుపెట్టారు, ముందు బ్రెట్టింగ్‌హామ్, పెయిన్ అనే ఆర్కిటెక్టులు, తర్వాత అప్పుడే ఇటలీ చూసొచ్చిన కుర్రాడు రాబర్ట్ ఆడమ్ వాళ్ల చేతిలోంచి పని మొత్తం లాక్కున్నాడు. కొత్త బంగళాకి అడ్డమని పాత ఇంటితో పాటు ఊరిని కూడా అక్కడి నుంచి లేపేశారు, చర్చిని మాత్రం ముట్టుకోలేదు. ముందు వైపు పెయిన్ గీసిందే, వెనక, దక్షిణం వైపు ఆడమ్ రోములో కాన్‌స్టంటైన్ చక్రవర్తి పేరున్న విజయ తోరణాన్ని తెచ్చి గోడకి అతికించినట్టు పెట్టాడు. నాకు ఆ వెనక వైపే నచ్చింది.

లోపల మార్బుల్ హాల్ ఉంది చూడండి, అక్కడ కనీసం అరగంట పెట్టుకోండి. నాటింగ్‌హామ్‌షైర్ అలబాస్టర్‌తో (పాలరాయిలా కనిపించే మెత్తటి రాయి) చేసిన 20 స్తంభాలు, లేత గులాబీ రంగు, దగ్గరికెళ్తే లోపల గోధుమ రంగు చారలు, ఒక్కోదాంట్లో ఒక్కోలా. వెలుతురంతా పైకప్పు అద్దాల్లోంచే దిగుతుంది. దాని వెనకే సెలూన్ అనే గుండ్రటి అతిథుల హాలు, 62 అడుగుల ఎత్తు గుమ్మటం, రోములోని పాంథియన్ అనే పురాతన గుడిని చూసి కట్టింది. ఇంత హంగూ మనుషులు ఉండటానికి కాదు, వచ్చినవాళ్లకి చూపించడానికి. కుటుంబం ఒక పక్క రెక్కలో, అంటే పక్కకి విడిగా కట్టిన భాగంలో ఉండేది, వంటిల్లు రెండో పక్క రెక్కలో. మధ్య ఇంటికి కలిపే వంపు వరండా అంతా దాటి వచ్చేసరికి సూపు ఏ వేడిన ఉండేదో!

మావయ్యగారు అలసిపోయి ఒక కుర్చీలో కూర్చోబోయారు, దాని మీద ఎండిన ముళ్ల కాయ పెట్టి ఉంది. కూర్చోవద్దని బోర్డు పెట్టకుండా వీళ్లు చేసే పద్ధతి అదట. వెంటనే అక్కడి వాలంటీరు, డెబ్బై దాటిన పెద్దాయన, ఎక్కడి నుంచో మడత స్టూలు తెచ్చి వేశారు, పైసా అడగలేదు. ఆయనే కలకత్తా కథ చెప్పారు. అక్కడి గవర్నమెంట్ హౌస్‌ని ఈ ఇంటి ప్లాన్ చూసే అప్పటి గవర్నర్ జనరల్ వెల్లెస్లీ కట్టించాడు, 1803కల్లా పూర్తయింది. ఇక్కడ నాలుగు రెక్కలు అనుకుని రెండు దగ్గరే ఆపేశారు, అక్కడ ఈస్టిండియా కంపెనీ ఖర్చుతో నాలుగూ లేచాయి. పొద్దున్నుంచి నోరు విప్పని మావయ్యగారు అప్పుడు తెలుగులో "కంపెనీ డబ్బంటే ఎవరిది, మనదేగా" అన్నారు.

కెడిల్‌స్టన్‌లో పుట్టిన జార్జ్ కర్జనే 1899లో వైస్రాయ్‌గా కలకత్తా వెళ్లి అచ్చం తన ఇంటి లాంటి ఇంట్లో దిగాడు. 1904లో మన పాత కట్టడాలని కాపాడే చట్టం తెచ్చిందీ ఆయనే, 1905లో బెంగాల్‌ని విడగొట్టిందీ ఆయనే. 1902లో హైదరాబాద్ వచ్చి నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర బేరార్‌ని (ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న ప్రాంతం) ఏడాదికి 25 లక్షలకి శాశ్వత కౌలుగా రాయించుకున్నాడు. కింది అంతస్తు మ్యూజియంలో ఆయన ఆసియా నుంచి తెచ్చుకున్న సామాను ఉంది. అన్నిటికన్నా చూడాల్సింది 1903 ఢిల్లీ దర్బారుకి ఆయన భార్య మేరీ వేసుకున్న నెమలి గౌను. కుట్టింది పారిస్‌లో వర్త్ అనే ఫ్యాషన్ సంస్థ వాళ్లు, మగ్గం వర్క్ మాత్రం మన దేశంలో చేసింది. బంగారు తీగ మీద నెమలికన్నుల మధ్య ఆకుపచ్చగా మెరిసేవి రాళ్లు కాదు, పురుగు రెక్కలు. అత్తయ్యగారు అద్దానికి ముక్కు ఆనించేంత దగ్గరికెళ్లి, పనివాళ్ల పేర్లు ఎక్కడైనా రాశారా అని వెతికారు. దొరకలేదు.

1987లో పన్నుల భారం మోయలేక కుటుంబం ఈ బంగళాని పాత కట్టడాలని చూసుకునే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకి అప్పగించింది. టికెట్ ధరలు మారుతుంటాయి, ఇల్లు తెరిచే వేళలు పార్కు వేళలు ఒకటి కావు, వెళ్లే ముందు చూసుకోండి. కెఫేలో ఇద్దరికి స్కోన్లు, టీ 13.60 పౌండ్లు అయింది, పర్లేదు. మేం పులిహోర పచ్చిక మీద కూర్చుని తిన్నాం, ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడు చాట్స్‌వర్త్ అనే ఇంకో పెద్ద బంగళా చూశాం, బాగుంది.

బసకి మాత్రం హైవే పక్కన ఏదో ఒక చెయిన్ హోటల్ తీసుకోండి. చరిత్ర ఉండదు, హీటర్ ఉంటుంది. దుప్పటి 5 పౌండ్ల కోసం మా ఆయన ఇప్పటికి నాలుగు మెయిళ్లు పెట్టారు, జవాబు లేదు.